42 నోటుబుక్కులు దిద్దాను, ఒక్కరూ తిరిగి చూడలేదు. హైస్కూల్లో ఇంగ్లీషు రైటింగ్ మీరెలా చెబుతున్నారు?

ఎర్రసిరా · సోమవారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాను. నిన్న సెలవు. పొద్దున్న కూర్చుని 42 కాంపొజిషన్ నోటుబుక్కులు దిద్దాను. ఒక్కోదానికి ఆరు నిమిషాలు వేసుకోండి, నాలుగు గంటలు దాటిపోయింది. స్పెల్లింగు, టెన్సు, ఆర్టికల్, కామా, దేన్నీ వదల్లేదు. ఈరోజు పంచాను. పిల్లలు చివరి పేజీ తిప్పి మార్కు చూసుకున్నారు, పక్కవాడికెంత వచ్చిందో అడిగారు, నోటుబుక్కు సంచిలో పడేశారు. అంతా కలిపి అర నిమిషం.

అసలు బాధ అదీ కాదు. కిందటి నెల "డిడ్ నాట్ వెంట్" కింద గీత గీసి, పక్కన "గో" అని రాసిచ్చిన పిల్లాడే ఈసారీ "డిడ్ నాట్ వెంట్" అని రాశాడు. పాత పేజీ తీసి చూశాను. నా ఎర్రగీత చెక్కుచెదరకుండా అక్కడే ఉంది.

ఇంకోటి. "మరచిపోలేని రోజు" అని టాపిక్ ఇస్తే ముప్పై మందికి పైగా ఒకే రోజును మరచిపోలేకపోయారు. గైడులో ఉన్న రోజు అది.

రైటింగ్ మీరు నిజంగా నేర్పుతున్నారా, లేక నాలాగే రాయించి దిద్దుతున్నారా?

పాతచాక్‌పీస్ · సోమవారం, రాత్రి 10:47

నేను 28 ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. మీరు చెప్పింది కొత్తేం కాదు. ఆరు, ఏడు తరగతుల్లో గ్రామర్ గట్టిగా రుద్దించకుండా తొమ్మిదిలో కాంపొజిషన్ రాయమంటే వాళ్ళు మాత్రం ఏం రాస్తారు? టెన్సుల పట్టిక కంఠతా రావాలి. యాక్టివ్ పాసివ్ నిద్రలో అడిగినా చెప్పాలి. ఆ తర్వాతే రాత. మా మాస్టార్లు మాకలాగే చెప్పారు. మాకు రాలేదా?

చిత్తుకాగితం · సోమవారం, రాత్రి 11:15

పాతచాక్‌పీస్ సార్, మీకు వచ్చింది. మీ బెంచీలో మీ పక్కన కూర్చున్నవాళ్ళకి వచ్చిందా? మనం టీచర్లమైనవాళ్ళం మనల్ని చూసుకునే లెక్క వేసుకుంటాం. అక్కడే పొరపడతాం.

ఎర్రసిరా గారూ, మీరు దిద్దినదాంట్లో తప్పేం లేదు. దిద్దిన సమయమే తప్పు. పిల్లాడి దృష్టిలో ఆ పని అయిపోయింది, మార్కు పడిపోయింది. మీరు రాసిచ్చిన "గో"తో వాడికి ఇక చేసే పనేముంది? అదే గీత చిత్తుప్రతి మీద పడి, దాన్ని సరిచేసి రేపు ఫెయిర్ చేసి తేవాలంటే అప్పుడు చూస్తాడు. చూడక తప్పదు కాబట్టి.

ఇది నా తెలివి కాదులెండి. డొనాల్డ్ మర్రీ అని అమెరికాలో ఒక పత్రికా రచయిత, పులిట్జర్ బహుమతి వచ్చినవాడు. తర్వాత రాత నేర్పే పంతులయ్యాడు. 1972లో ఆయన చెప్పింది ఇదే: మనం పిల్లలు రాసేసినదాన్ని పట్టుకుని వేలాడుతున్నాం, రాసే పనిని నేర్పడం లేదు అని. అంతకు ఏడాది ముందు జానెట్ ఎమిగ్ పన్నెండో తరగతి పిల్లలు ఎనిమిది మందిని కూర్చోబెట్టి, రాస్తూ మనసులో అనుకుంటున్నదంతా పైకి చెప్పమంది. బళ్ళో చెప్పే "ముందు అవుట్‌లైన్, తర్వాత రాత" అనే వరసలో ఆ పిల్లలెవరూ రాయడం లేదని తేలింది. రాస్తూ ఆగుతారు, వెనక్కి వెళ్తారు, కొట్టేస్తారు, రాస్తుండగానే కొత్త సంగతి తడుతుంది.

నా క్లాసులో ఒక కాంపొజిషన్‌కి నాలుగు పీరియడ్లు పడుతుంది. మొదటి పీరియడ్ మాట్లాడుకోవడం, పాయింట్లు రాసుకోవడం. రెండోది చిత్తుప్రతి. ఆ పీరియడ్‌లో స్పెల్లింగ్ గురించి ఎవరూ నోరెత్తకూడదు, నాతో సహా. మూడోది మార్చి రాయడం. నాలుగోదే తప్పులు దిద్దుకోవడం, ఫెయిర్ చేయడం. ఏడాదికి ఆరు కాంపొజిషన్లకి మించి చేయలేను. ఇదివరకు ఇరవై చేయించేవాణ్ణి. నాకైతే ఆరే నయమనిపించింది.

కొత్తబెల్లు · మంగళవారం, ఉదయం 6:30

నాది ఉద్యోగంలో మొదటి ఏడాది. చిత్తుకాగితం గారూ, "మార్చి రాయండి" అంటే మా పిల్లలు చేతిరాత బాగు చేసి తెస్తున్నారు. అవే వాక్యాలు, అవే తప్పులు, అక్షరాలు మాత్రం గుండ్రంగా. ఏం చేయాలి?

చిత్తుకాగితం · మంగళవారం, ఉదయం 7:05

హహ, అందరికీ మొదట అదే వస్తుంది. పిల్లలకి "మార్చడం" అంటే ఏమిటో మనం చూపించలేదు కాబట్టి. ఒక పని చేసి చూడండి. బోర్డు మీద మీరే రాయండి, వాళ్ళ ముందు, ముందుగా తయారుకాకుండా. రాసి, "ఛ, ఇది బాగాలేదు" అని కొట్టేయండి. ఎందుకు బాగాలేదో పైకి అనండి. నేను "మై బెస్ట్ ఫ్రెండ్" మీద మొదటి వాక్యం "మై ఫ్రెండ్ ఈజ్ వెరీ హెల్ప్‌ఫుల్" అని రాశాను. ఈ మాట ఎవరి స్నేహితుడి గురించైనా రాయొచ్చు కదా అని నాకు నేనే అన్నట్టు అని, కొట్టేశాను. దాని బదులు, నేను పరీక్షలో పెన్ను మరచిపోయినప్పుడు వాడు తన పెన్ను నాకిచ్చి తను పెన్సిలుతో రాశాడని రాశాను. క్లాసు ఒక్కసారి నిశ్శబ్దమైంది. టీచర్ కూడా కొట్టేసి రాస్తాడని అప్పటిదాకా వాళ్ళకి తెలియదు.

1974లో బర్క్‌లీలో జేమ్స్ గ్రే మొదలుపెట్టిన బే ఏరియా రైటింగ్ ప్రాజెక్టు కూడా ఈ మాట మీదే నడిచింది. రాత నేర్పే టీచరు తనూ రాయాలి అని.

వాక్యంచాలు · మంగళవారం, మధ్యాహ్నం 1:10

నేను వేరే దారిలో వెళ్తున్నాను. నాలుగు పీరియడ్లు, చిత్తుప్రతులు అన్నీ బాగున్నాయి. కానీ ఒక వాక్యం నిలబెట్టలేని పిల్లాడి చేత పేజీ చిత్తుప్రతి రాయిస్తే పేజీ నిండా విరిగిన వాక్యాలే వస్తాయి. దాన్ని మార్చి రాయమంటే అవే విరిగినవి మళ్ళీ వస్తాయి.

నేను ఏడాదిలో మొదటి మూడు నెలలూ ఒక వాక్యం మీదే ఉంటాను. పాఠంలోంచి ఒక వాక్యం మొదటి సగం ఇస్తాను. దాన్ని మూడు రకాలుగా పూర్తి చేయాలి: "బికాజ్"తో ఒకటి, "బట్"తో ఒకటి, "సో"తో ఒకటి. ఉదాహరణకి, "ద ప్లాంట్ డైడ్" అని ఇచ్చాననుకోండి. బికాజ్ అంటే కారణం వెతకాలి, ఎవరైనా రాస్తారు, నీళ్ళు పోయలేదని. సో అంటే తర్వాతేమైందో రాయాలి. బట్ దగ్గర కదా కథ! చచ్చిపోయింది, కానీ...? ఇక్కడ పెన్ను ఆగుతుంది. కాసేపటికి ఒక అమ్మాయి, "బట్ వియ్ కెప్ట్ ద పాట్" అని రాసింది. కుండీ ఉంచేశాం అని! అయిదు మాటల్లో ఒక ఇల్లు కనిపించింది నాకు.

ఇది వ్యాకరణమే సార్, పాతచాక్‌పీస్ గారూ. కాకపోతే పట్టిక రూపంలో లేదు.

రెండోది వాక్యాలు కలపడం. నాలుగు పొట్టి వాక్యాలిచ్చి ఒకటిగా చేయమంటాను. ఎన్ని రకాలుగా వస్తే అన్నీ బోర్డు మీదికి ఎక్కాలి. ఏది బాగుందో, ఎందుకు బాగుందో క్లాసంతా కొట్టుకోవాలి. తప్పు ఒప్పు అని కాకుండా బాగు ఓగు అని మాట్లాడుకునే పీరియడ్ అదొక్కటే నాకు.

పాతచాక్‌పీస్ · మంగళవారం, రాత్రి 9:30

వాక్యంచాలు గారూ, మీతో నాకు పేచీ లేదు. చిత్తుకాగితం గారితోనే ఉంది. "స్పెల్లింగ్ గురించి నోరెత్తకూడదు" అన్నారు చూడండి, అది నాకు మింగుడు పడదు. తప్పు చేతికి అలవాటైతే పోదు. ఈ కొత్త పద్ధతులు వచ్చాకే పిల్లలకి పెన్ను పట్టడం రావడం లేదు.

ఇక నా పద్ధతి అడిగితే చెబుతాను, నవ్వకండి. శుక్రవారం చివరి పీరియడ్‌లో ఒక చిన్న పేరా చదువుతాను, మామూలు వేగంతో, రెండుసార్లే. పిల్లలు ముక్కలు ముక్కలుగా రాసుకుంటారు. తర్వాత ఇద్దరిద్దరు కూర్చుని ఆ పేరాని మళ్ళీ కట్టాలి, సొంత వాక్యాల్లో అయినా సరే. ఆఖర్న అసలు పేరా బోర్డు మీద రాస్తాను. పోల్చుకుంటారు. "ద" ఎందుకుంది, మేమెందుకు పెట్టలేదు అని వాళ్ళే అడుగుతారు. నేను చెప్పే గ్రామర్‌లో సగం ఆ ప్రశ్నలకి జవాబుగానే వెళ్తుంది.

లెక్కలతోసహా · మంగళవారం, రాత్రి 10:02

పాతచాక్‌పీస్ సార్, మీరు చేస్తున్నదానికి పేరుంది. డిక్టోగ్లాస్ అంటారు. రూత్ వాజ్‌నరిబ్ అనే ఆవిడ 1990లో దాని మీద ఒక పుస్తకమే రాసింది. కొత్త పద్ధతుల్ని తిడుతూనే ఒకటి నడిపిస్తున్నారు మీరు :)

గ్రామర్ మాటకొస్తే, ఈ తగవు మన వయసు కన్నా పాతది. 1963లో అమెరికాలో బ్రాడక్, మరో ఇద్దరు కలిసి అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ వడకట్టి, విడిగా చెప్పే గ్రామర్ వల్ల రాతకి ఒరిగేది లేకపోగా, రాసే సమయాన్ని అది తినేస్తుంది కాబట్టి కీడు కూడా అన్నారు. 2007లో స్టీవ్ గ్రాహం, డొలొరెస్ పెరిన్ నాలుగు నుంచి పన్నెండో తరగతి దాకా జరిగిన అధ్యయనాల్ని కలిపి లెక్కగట్టారు. ప్రభావం ఎంతో ఒక అంకెలో చెప్పే పద్ధతి అది. 0.2 అంటే కొంచెం, 0.8 అంటే బాగా ఎక్కువ అనుకోండి. ప్లాన్ చేయడం, మార్చడం లాంటి ఉపాయాల్ని దశలవారీగా, బాహాటంగా నేర్పితే 0.82. సారాంశం రాయడం నేర్పితే అంతే, 0.82. పిల్లలు కలిసి రాస్తే 0.75. వాక్యాలు కలపడం 0.50. చిత్తుకాగితం గారిది, అంటే చిత్తు, మార్పు, ఫెయిర్ అని మెట్లుగా రాయించే ప్రాసెస్ పద్ధతి, 0.32. మంచి నమూనాలు చదివించడం 0.25. విడిగా గ్రామర్ చెప్పడం మైనస్ 0.32, అంటే మేలు కాదు, కీడే.

అయితే సార్‌కి ఊరట కలిగించే మాట కూడా ఉంది. 2012లో ఇంగ్లండులో డెబ్రా మైహిల్ బృందం గ్రామర్‌ని విడిగా చెప్పకుండా రాతలోనే కలిపి, "ఈ వాక్యం ఇలా తిప్పితే చదివేవాడికి ఏమవుతుంది" అన్న కోణంలో చెబితే రాత మెరుగైందని చూపించింది. కాకపోతే అప్పటికే బాగా రాసే పిల్లలకే అది ఎక్కువ పనికొచ్చింది.

చిత్తుకాగితం · మంగళవారం, రాత్రి 10:31

నాకు 0.32 మాత్రమేనా! సరే, ఒప్పుకుంటాను. నిజానికి ఈ పద్ధతికి పడిన గట్టి దెబ్బ ఆ అంకె కూడా కాదు. 1980ల్లో లీసా డెల్పిట్ అనే నల్లజాతి ఉపాధ్యాయురాలు అడిగింది: "రాయి, నీ గొంతు నీకే దొరుకుతుంది" అని వదిలేస్తే ఎవరికి దొరుకుతుంది? ఇంట్లో ఆ భాష, ఆ పుస్తకాలు ఉన్న పిల్లలకి. లేనివాళ్ళకి నియమాలు విప్పి చెప్పకుండా దాచినట్టే కదా అని. చదివినప్పుడు నా క్లాసే గుర్తొచ్చింది. నేను "మీకు నచ్చినట్టు రాయండి" అన్నప్పుడల్లా ఆ ముందు బెంచీ నలుగురే బాగుపడ్డారు. అప్పట్నుంచి చిత్తుప్రతికి ముందు ఒక పీరియడ్ క్లాసంతా కలిసి ఒకటి రాస్తున్నాం. నేను బోర్డు దగ్గర, వాళ్ళు చెబుతారు. ఆస్ట్రేలియాలో సిడ్నీలోని భాషా పరిశోధకులు దీన్ని ఒక వరసలో పెట్టారు: ముందు ఒక మంచి ఉత్తరాన్నో నివేదికనో విప్పి చూడటం, తర్వాత అందరూ కలిసి ఒకటి కట్టడం, ఆఖర్న ఎవరికి వాళ్ళు రాయడం. మధ్య మెట్టు ఎక్కించకుండా పిల్లల్ని పైకి దూకమంటున్నామన్నమాట, ఇన్నాళ్ళూ.

మూడోబెంచి · బుధవారం, ఉదయం 8:15

నేను టీచర్ని కాదు. ఇంగ్లీషులో రిపోర్టులు రాసి బతుకుతున్నాను. ఈ చర్చ చూసి ఉండబట్టలేక రాస్తున్నాను.

బడిలో నేను రాసిన ప్రతి ఉత్తరం "ఐ యామ్ వెల్ హియర్ అండ్ హోపింగ్ ద సేమ్ ఫ్రమ్ యూ" అనే మొదలైంది. పదేళ్ళు రాశాను ఆ వాక్యం. దానర్థం ఏమిటో ఒక్కసారీ ఆలోచించలేదు. ఉద్యోగంలో మొదటి వారం ఒక కస్టమర్‌కి మెయిల్ రాయమంటే నా చేయి దాన్నే టైపు చేసింది. మా పైఆఫీసర్ చదివి, "ఆయన సరుకు ఎప్పుడొస్తుందని అడిగాడు. నీ ఆరోగ్యం అడగలేదు" అన్నారు.

ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది, రాసింది ఎవరో చదువుతారని. బడిలో నా రాత చదివింది మా మాస్టారు ఒక్కరే. ఆయన కూడా చదవలేదు, దిద్దారు. మీ పిల్లల చేత టీచరు కాని మనిషికి ఒక్కటైనా రాయించండి.

ఎర్రసిరా · బుధవారం, రాత్రి 9:48

"చదవలేదు, దిద్దారు". ఈ మాట పొద్దున్నుంచీ వెంటాడుతోంది, మూడోబెంచి గారూ. ఆదివారం దిద్దిన ఆ 42లో ఎవరు ఏం రాశారో గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఎవరు ఏ తప్పు చేశారో చెప్పగలను. ఎవరు ఏం చెప్పారో ముగ్గురిది తప్ప గుర్తులేదు.

కానీ నాకు రెండు అనుమానాలున్నాయి. ఒకటి, తప్పులు దిద్దకుండా వదిలేస్తే ఇంట్లోవాళ్ళు ఊరుకోరు. పోయినేడు ఒక నాన్నగారు నోటుబుక్కు పట్టుకుని వచ్చి "ఇన్ని తప్పులున్నాయి, మీరు గీత కూడా గీయలేదేమిటి" అని అడిగారు. రెండు, అసలు దిద్దితే లాభమా, లేదా?

లెక్కలతోసహా · బుధవారం, రాత్రి 10:20

రెండోదానికి పరిశోధకులే తేల్చుకోలేక కొట్టుకున్నారు. 1996లో జాన్ ట్రస్కాట్, రెండో భాషలో రాసే పిల్లల వ్యాకరణ తప్పులు దిద్దడం దండగ, పైగా హాని, మానేయండి అని రాశాడు. 1999లో డానా ఫెరిస్, అంత తొందరపడొద్దు, ఏ తప్పు, ఎలా దిద్దుతున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుందని జవాబిచ్చింది. నియమం ఉన్న తప్పులు, అంటే "డిడ్ నాట్ వెంట్" లాంటివి, పిల్లాడు తనే సరిచేసుకోగలడు. నియమానికి లొంగని తప్పులు, మాట ఎంపిక లాంటివి, మనం రాసిస్తేనే తెలుస్తాయి.

మార్కు సంగతి కూడా చెప్పాలి. 1988లో రూత్ బట్లర్ ఐదు, ఆరు తరగతుల పిల్లల మీద చేసిన అధ్యయనం ఉంది. కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి మార్కు మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందినవాళ్ళే మెరుగయ్యారు. రెండూ ఇస్తే మార్కు వ్యాఖ్యని మింగేసింది. అది రాత పరీక్ష కాదు, వేరే పనులు. అయినా మీ పిల్లలు అర నిమిషంలో చేసింది అదే కదా.

వాక్యంచాలు · బుధవారం, రాత్రి 10:40

ఎర్రసిరా గారూ, నేను చేసేది చెబుతాను. చిత్తుప్రతులు మొత్తం పెన్ను పట్టుకోకుండా చదువుతాను. పెన్ను నిజంగానే వేరే గదిలో పెట్టేస్తాను, లేకపోతే చేయి ఊరుకోదు. 42 పుస్తకాలకి గంట. పక్కన ఒక తెల్లకాగితం. ఎక్కువమంది చేసిన తప్పులు రెండు, బాగా కుదిరిన వాక్యాలు రెండు మూడు, అర్థంకాని చోటు ఒకటి, అంతే రాసుకుంటాను. మర్నాడు మొదటి పది నిమిషాలు దాని మీదే పాఠం. తర్వాత ఎవరి చిత్తుప్రతిలో ఆ రెండు తప్పులున్నాయో వాళ్ళే వెతుక్కుని సరిచేయాలి. తప్పున్న లైను పక్కన మార్జిన్లో చుక్క మాత్రం పెడతాను. ఆ లైన్లో ఏది తప్పో చెప్పను.

ఇంట్లోవాళ్ళకి మొదటి వారమే నోటుబుక్కు మొదటి పేజీలో ఒక చీటీ అంటించాను: ఈ పుస్తకంలో చుక్కలుంటాయి, చుక్క పెట్టింది టీచరు, తప్పు వెతికేది మీ పిల్లలు అని. ఆ తర్వాత ఒక్కరే వచ్చి అడిగారు. చుక్క కింద తప్పు తనకీ దొరకలేదట!

కొత్తబెల్లు · గురువారం, ఉదయం 6:45

పక్కవాళ్ళ చేత దిద్దిస్తే మన పని తగ్గుతుందని ట్రైనింగ్‌లో చెప్పారు. నేను చేయించాను. సరిగ్గా ఉన్న "వుమెన్"ని కొట్టేసి "వుమెన్స్" అని రాశాడొకడు. రాసిన అమ్మాయి ఏడ్చింది.

చిత్తుకాగితం · గురువారం, ఉదయం 7:20

దిద్దించకండి. చదివించండి. పక్కవాడి చేతికి పెన్ను ఇవ్వొద్దు, పెన్సిలివ్వండి. ఒకే పని చెప్పండి: "నీకు అర్థం కాని చోట, ఇంకా తెలుసుకోవాలనిపించిన చోట గీత పెట్టు." అంతే. స్పెల్లింగ్ వాడి పని కాదు. రాసినవాళ్ళు ఆ గీతల దగ్గర ఒక వాక్యమన్నా కలపాలి. మొదట్లో "అంతా బాగుంది" అని తిరిగిచ్చేస్తారు. కనీసం రెండు గీతలు పెట్టాలని రూలు పెట్టండి.

మాతృభాషే · గురువారం, రాత్రి 8:55

ఇన్ని చెప్పుకున్నారు గానీ ఒక్కరూ తెలుగు ఊసెత్తలేదు. పిల్లాడి తలలో ఆలోచన ఏ భాషలో ఉంది? రాసేముందు అయిదు నిమిషాలు తెలుగులో మాట్లాడుకోనివ్వండి. నేను అలా చేశాక గైడు రోజులు సగానికి తగ్గాయి. చెప్పడానికి సంగతి ఉన్నవాడికి గైడుతో పనేముంది?

పాతచాక్‌పీస్ · గురువారం, రాత్రి 9:12

తెలుగులో ఆలోచిస్తే తెలుగు వాక్యమే ఇంగ్లీషు మాటల్లో దిగుతుంది. మనకి క్రియ చివర, వాళ్ళకి మధ్యలో. "నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు" అని తలలో తయారైపోయాక "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" కాక ఏమొస్తుంది?

మాతృభాషే · గురువారం, రాత్రి 9:30

సార్, తెలుగులో వాక్యం తయారు చేయమనలేదు, సంగతి తయారు చేసుకోమన్నాను. మాట్లాడుకున్నాక కాగితం మీద ఒక్కో సంగతికి ఒక్కో మాట మాత్రమే రాసుకోవాలి. "గొడుగు. బస్సు. తాతయ్య. పరుగు." అలాగన్నమాట. వాక్యం మొదటినుంచీ ఇంగ్లీషులోనే కట్టాలి. తెలుగు వాక్యాన్ని పూర్తిగా రాసి అనువాదం చేయించిన రోజున మాత్రం మీరన్నట్టే అయింది, ఒప్పుకుంటాను.

పాతచాక్‌పీస్ · గురువారం, రాత్రి 9:41

అలాగైతే సరే. ఈ శుక్రవారం చేసి చూస్తాను.

రేపటిబడి · శుక్రవారం, రాత్రి 10:10

మీరంతా గైడు గురించి మాట్లాడుతున్నారు. మా పదో తరగతివాళ్ళకి గైడు పాతబడిపోయింది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పట్నుంచి ఇంటికిచ్చిన కాంపొజిషన్లలో తప్పులే లేవు. తప్పు లేని పేజీ చూస్తే టెన్షన్ వస్తోంది. యంత్రం రాసిందని పట్టుకునే సాఫ్ట్‌వేర్లని నమ్మి ఒక పిల్లని నిలదీశాను, తనే రాసిందని తేలింది. ఆ తప్పు మళ్ళీ చేయను.

ఇప్పుడు రాత మొత్తం క్లాసులోనే. ఇంటికి చదవడం, సంగతులు పోగుచేయడం, ఎవరినైనా నాలుగు ప్రశ్నలు అడిగి రావడం. చిత్తుప్రతులు నా బీరువాలోనే ఉంటాయి. చిత్తుకాగితం గారి నాలుగు పీరియడ్ల పద్ధతికి ఎప్పుడూ లేనంత అవసరం ఇప్పుడొచ్చిందని నా అభిప్రాయం. మెట్లు కనబడితే ఎవరు ఎక్కారో తెలుస్తుంది.

కొత్తబెల్లు · శనివారం, ఉదయం 9:00

మరి పరీక్ష? 25 నిమిషాల్లో రాయాలి. చిత్తుప్రతి, మార్పు, ఫెయిర్ అంటే బెల్లు కొట్టేస్తారు.

రేపటిబడి · శనివారం, ఉదయం 9:40

పరీక్షకి నెల ముందు నుంచి వేరే సాధన. మూడు నిమిషాలు పాయింట్లు, 18 నిమిషాలు రాత, నాలుగు నిమిషాలు తిరిగి చదవడం. గడియారం పెట్టి వారానికి ఒకటి. అయిదు పేరాల చట్రం (పరిచయం ఒకటి, విషయం మూడు, ముగింపు ఒకటి) కూడా అప్పుడే చెబుతాను, ముందు చెప్పను. ముందు చెబితే ఏడాదంతా అందులోంచి బయటికి రారు. ఇందులో నాతో విభేదించేవాళ్ళున్నారని తెలుసు, చట్రమే ధైర్యమంటారు. బలహీనంగా ఉన్న పిల్లలకి అది నిజమే కావచ్చు.

ఎర్రసిరా · మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:30

చెప్పినవాళ్ళందరికీ ఏమైందో చెప్పాలి కదా.

అదే టాపిక్ మళ్ళీ ఇచ్చాను, "మరచిపోలేని రోజు". ఈసారి అయిదు నిమిషాలు తెలుగులో ముచ్చట్లు, కాగితం మీద మాటలు, తర్వాత చిత్తుప్రతి. పెన్ను పక్కన పెట్టి చదివాను. గంటలో అవలేదు, గంటన్నర పట్టింది. రెండే తప్పులు ఎంచుకున్నాను: "డిడ్" తర్వాత క్రియ, వాక్యం చివర ఫుల్‌స్టాప్. చుక్కలు పెట్టాను. పెన్సిలు గీతలు కూడా పెట్టించాను. మొదటిసారి గోలగోలగా సాగింది, ఇద్దరు ఏమీ చేయకుండా కూర్చున్నారు.

గైడు రోజు ఇంకా తొమ్మిది మంది రాశారు. చుక్కలున్న లైన్లలో సగానికి పైగా వాళ్ళే సరిచేసుకున్నారు. కానీ నేను చుక్క పెట్టని ఆర్టికల్ తప్పులన్నీ అలాగే ఉన్నాయి. వాటిని వదిలేయడం నాకే కష్టంగా ఉంది, పిల్లలకేం లేదు. పై నుంచి నోటుబుక్కులు చూడటానికి వచ్చినవారు "కరెక్షన్ సరిగా జరగడం లేదు" అని రాసి వెళ్ళారు. ఆ సంగతి ఇంకా నడుస్తోంది.

"డిడ్ నాట్ వెంట్" అబ్బాయి సంగతి. మొదటిసారి గైడు చూసి ఒకటిన్నర పేజీ రాశాడు. ఈసారి ఎనిమిది లైన్లు. తమ్ముడు తప్పిపోయిన సాయంత్రం గురించి. పక్కబెంచీ అమ్మాయి చివరి లైను దగ్గర పెన్సిలు గీత పెట్టి "దొరికాడా?" అని తెలుగులో రాసింది. వాడు ఫెయిర్ చేసినప్పుడు ఇంకో మూడు లైన్లు కలిపాడు. దొరికాడట, మంచం కింద నిద్రపోతూ. "వియ్ డిడ్ నాట్ లుక్ దేర్" అని రాశాడు.

పాతచాక్‌పీస్ · ఆదివారం, సాయంత్రం 6:02

"డిడ్ నాట్ లుక్". సరిగ్గా రాశాడు.

కొత్తబెల్లు · ఆదివారం, సాయంత్రం 6:20

ఎర్రసిరా గారూ, ఏమీ చేయకుండా కూర్చున్న ఆ ఇద్దరినీ తర్వాత ఏం చేశారు? నాకు అలాంటివాళ్ళు ఆరుగురున్నారు.